రసాలు నిలబడే చోటు

మా నూజివీడు వైపు చిన్న మామిడి తోటలున్నవాళ్లం పూతను చూసి మురిసిపోలేం. డిసెంబరు, జనవరిల్లో చెట్టు విరగబూస్తుంది. మంచు పట్టి తేనెమంచు పురుగు దిగిందంటే ఆకులు జిగురెక్కి, మసి పట్టి, పూతంతా రాలిపోతుంది. అందుకే చాలామంది పూత మీదే తోటను గుత్తకిచ్చేస్తారు. వాళ్లను తప్పుపట్టను. అప్పు నెత్తిమీదుంటే కాయ దిగేదాకా ఆగే ధైర్యం ఎవరికుంటుంది?

నాకు మాత్రం కాయ నా చేతుల మీదుగానే పోవాలి. బంగినపల్లిని చిక్కంతో కాడతో సహా దించి, నీడలో కాడ కోసి, బోర్లించి సొన కారనివ్వాలి. సొన తొక్క మీద పడిందా, పండేసరికి అక్కడ నల్లటి చార. ఆ చారను చూపించే బేరం తగ్గిస్తారు. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, గర్వమే. అయినా యార్డులో ధర తేల్చేది ఆ పూట దిగిన లారీలే.

కాయను మగ్గబెట్టడానికి కార్బైడ్ వాడకూడదన్న నిషేధం సరైనదే. ఇథిలీన్ గది కట్టే స్తోమత లేని మాబోటివాళ్లం వరిగడ్డిలో మగ్గబెడతాం. ఆలస్యమవుతుంది, కానీ గడ్డి తొలగించగానే వచ్చే ఆ వాసనకు సాటిలేదు.

నా బెంగంతా చిన్న రసాల గురించే. పలచటి తొక్క, ప్రయాణానికి ఆగవు. లారీకి పనికిరాలేదని ఎన్నో తోటల్లో కొట్టేశారు. పిసికి జుర్రుకునే పండును దూరం పంపలేం. తినేవాళ్లే తోటకు రావాలి. వచ్చేవాళ్లున్నంతకాలం నా రసాల వరసలు కొట్టను.