పనీ, పలకరింపూ

స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళకు సరదా ఎందుకని ఈమధ్య ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. ఉద్యమాల్లో తల పండినవాడు. "మనం కూడేది పనికోసం. కాలక్షేపం కావలసినవాళ్ళకు సినిమాహాళ్ళున్నాయి" అన్నాడు. రెండేళ్ళ కిందట అయితే నేనూ ఆ మాటే అనివుండేవాణ్ణి. అనటమేమిటి, అన్నాను కూడా. దానివల్ల మేము పోగొట్టుకున్నదేమిటో చెప్పటానికే ఇది రాస్తున్నాను.

మా పట్టణంలో ఓ ఎనిమిదిమందిమి తెలుగు వికీసోర్సులో పాతపుస్తకాలు దిద్దుతూ వుంటాం. తెలియనివారికోసం రెండు మాటలు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన ఏడాది తరువాత అరవై ఏళ్ళు గడిస్తే ఆ రచనలు ప్రజల సొత్తు అవుతాయి. 1915లో పోయిన గురజాడ రచనలూ, 1919లో పోయిన వీరేశలింగం రచనలూ అలా ఏనాడో మనవైపోయాయి. అటువంటి పుస్తకాల పుటలను బొమ్మలుగా తీసి ఎక్కిస్తే యంత్రం వాటిలోని అక్షరాలను పోల్చుకుని పాఠంగా మారుస్తుంది. పాతకాలపు అచ్చు, చివికిన కాగితం, యంత్రం తడబడుతుంది. ఆ తడబాటును మనిషి దిద్దాలి. ఒకరు దిద్దితే పుట పసుపురంగుకు వస్తుంది. రెండోవారు మళ్ళీ చదివి సరే అంటేనే ఆకుపచ్చ అవుతుంది. దిద్దినవాడే దాన్ని ఆకుపచ్చ చేసుకోవటానికి వీల్లేదు. ఈ నియమం నాకెంతో ఇష్టం. ఇంకొక మనిషి లేకుండా పని పూర్తికాదని పనిలోనే రాసిపెట్టి వుంది గదా!

అయినా ఆ ఇంకొక మనిషి ఎవరన్నది మాకు పట్టలేదు.

నెలకొక ఆదివారం సాయంకాలం నాలుగింటికి మా సభ. మొదట నివేదిక, తరువాత లెక్కలు, ఆపైన తప్పుల సమీక్ష. నేను ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి విరమించినవాణ్ణి. తప్పుకింద ఎర్రగీత గీయకపోతే నాకు చెయ్యి ఆడదు. ఆ సభకు ఒక డిగ్రీ విద్యార్థిని వచ్చేది. ఇరవై కిలోమీటర్ల దూరంనుంచి బస్సులో రాక. ఒక్క నెలలో ముప్ఫై పుటలు దిద్దింది. ఆ ముప్ఫైలోంచి పదకొండు తప్పులేరి, తెరమీద పెద్ద అక్షరాలతో వేసి, ఒక్కొక్కటే అందరికీ చూపించాను. "ధ"కూ "థ"కూ తేడా తెలియకపోతే ఎలా అన్నాను. దానికి విమర్శ, ఆత్మవిమర్శ అని పెద్ద పేరు పెట్టుకున్నాం. విమర్శంతా ఆమెకు, ఆత్మ ఒక్కటే మాకు!

మరుసటి నెల ఆమె రాలేదు. ఆ పై నెలా రాలేదు. పుటల లెక్క తగ్గిందని నివేదికలో రాసుకున్నాం గాని మనిషి తగ్గిందని ఎవరమూ అనుకోలేదు.

కొన్నాళ్ళకు బస్టాండులో కనిపించింది. నేనే పలకరించి, తప్పులు చెప్పినందుకు కోపం వచ్చిందా అమ్మా అని అడిగాను. ఆమె నవ్వింది. "తప్పులు చెపితే కోపమెందుకు మాస్టారూ? నేర్చుకుందామనే గదా వచ్చాను. మూడు సభలకు వచ్చాను. కడసారి బస్సు పోతుందేమోనని గుండెలు చేతబట్టుకుని కూర్చున్నాను. ఒక్కరూ నా పేరడగలేదు" అంది.

నిజమే. మేమందరం ఆమెను వాడుకరి పేరుతోనే పిలిచాం. తెరమీద కనిపించే ఆ పేరే మనిషి అనుకున్నాం. బస్టాండులో నిలబడి, ఆమె ఎదురుగా, ఆమె అసలు పేరు నాకు తెలియదని గ్రహించినప్పుడు కలిగిన సిగ్గు ఇంకా పోలేదు.

మా మిత్రుడి వాదానికి వస్తాను. పనికోసమే కూడామనటం కూలిచ్చేవాడికి చెల్లుతుంది. అతను సాయంత్రానికి డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు. మేము ఏమిస్తున్నాం? పైగా ఇలా జనం రాసిపెట్టినదాన్ని ఎవరైనా వాడుకోవచ్చుననేది ఈ పనిలో ముఖ్యసూత్రం. వికీపీడియాలో ఊరూపేరూ లేని వేలమంది రాసిన పాఠాన్ని పెద్దపెద్ద కంపెనీలు తమ యంత్రాలకు భాష నేర్పటానికి వాడుకున్నాయి. కాదనటానికి లేదు, అందరికీ అంటే వాళ్ళకూ అనే గదా. అటువంటప్పుడు పనిచేసినవాడికి మిగిలేదేమిటి? పుస్తకం బతికిందన్న తృప్తి ఒకటి, తోటివాళ్ళతో పొత్తు ఒకటి. రెండోదాన్ని మేము చేతులారా ఎండగట్టాం. ఎండగట్టితే మొదట పోయేదెవరు? తీరిక వున్న నాబోటి పింఛనుదారు పోడు. వంటపని ముగించుకుని వచ్చే గృహిణి, చీకటిపడకముందే ఇల్లు చేరవలసిన ఆడపిల్ల, సెలవునాడు కూడా దుకాణంలో నిలబడే కుర్రాడు పోతారు. సరదా అనేది ఎవరు మిగలాలో నిర్ణయించే విషయం. ఇది మా మిత్రుడికి ఇంకా ఒప్పుదల కాలేదు.

నాట్లు వేసేటప్పుడు పాట వుండదా అని నేను ఆయన్ని అడిగాను. వెంటనే ఆయన, పాటపాడుతూ నాటారని ఏ ఆసామీ కూలి పెంచాడయ్యా అన్నాడు. ఆ మాట బాగా తగిలింది. నిజమే, సరదా పేరుతో శ్రమను చౌకగా రాబట్టటం ఈనాటి కార్యాలయాల్లో చూస్తూనే వున్నాం. కేకు కోస్తారు, చప్పట్లు కొట్టిస్తారు, రాత్రి పదింటిదాకా కూర్చోబెడతారు. అలాంటి సరదాను నేను కోరటం లేదు. నాట్లపాట ఆసామీ కట్టింది కాదు, నాటేవాళ్ళు కట్టుకున్నది. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినప్పుడు జనం వినోదానికి వచ్చి విషయం విన్నారు. నాజర్ కథ చెపుతుంటే వెనకనున్న హాస్యపు వంత పనికి అడ్డమని ఎవరైనా అన్నారా?

మొదట మేము చేసిన ప్రయత్నం తప్పుదారి పట్టింది. ఉత్సాహం తెద్దామని పోటీ పెట్టాం. ఎక్కువ పుటలు చేసినవారికి బహుమతి. ఇంగ్లీషు వికీపీడియావాళ్ళు 2003 నుంచీ ఒకరికొకరు నక్షత్రపు బొమ్మలు ఇచ్చుకుంటున్నారు గదా, మనమూ ఇద్దామన్నాం. నెల తిరిగేసరికి పుటలన్నీ పచ్చగా కళకళలాడాయి. తెరిచి చూస్తే చదవకుండానే మీట నొక్కిన పుటలు! బహుమతి కూడా ఎవరికి వచ్చింది? అందరికంటే ఎక్కువ తీరిక వున్న నాకు. ఆ సభలో చప్పట్లు చాలా బలహీనంగా మోగాయి.

తరువాత మా అదృష్టంకొద్దీ ఒక పాత కంపోజిటరు వచ్చి చేరాడు. డెబ్భై దాటినవాడు. సీసపు అక్షరాలు చేత్తో పేర్చి పుస్తకాలు వేసిన మనిషి. కంప్యూటరు ముట్టడు. ప్రెస్సులో ప్రూఫులు ఎలా చూసేవారో ఆయన చెప్పాడు: ఒకరు మూలం పైకి చదవాలి, రెండోవారు అచ్చుకాగితం మీద వేలుపెట్టి నడవాలి. అలా చేసి చూద్దామని ఇద్దరిద్దరుగా కూర్చున్నాం. ఆయన కంచుకంఠంతో చదువుతున్నాడు, పక్కన ఇంటర్మీడియట్ కుర్రాడు తెరమీద చూస్తున్నాడు. "వరుడు పందిరిలోనికి వచ్చెను" అని ఆయన. "తాతా, ఇక్కడ పరుడు వచ్చాడు" అని వీడు. యంత్రానికి "వ"కూ "ప"కూ ఒకటే. పెళ్ళికొడుకు కాస్తా పరాయివాడైపోయాడు. ఆ రోజు నవ్విన నవ్వు మా సంఘం పుట్టిన తరువాత ఎన్నడూ నవ్వలేదు. మరో పుటలో వదినెగారు "పదినెగారు" అయి కూర్చున్నారు. అప్పటినుంచీ ప్రతి సభలో మొదటి అరగంట కంప్యూటర్లు తెరవం. ఎవరికి దొరికిన యంత్రపు తప్పు వారు చదువుతారు. తప్పు ఎవరిదీ కాదు గనుక అందరమూ నవ్వవచ్చు. చిత్రమేమంటే, పైకి చదవటం మొదలుపెట్టాక మా తప్పులూ తగ్గాయి.

వేళ మార్చాం, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. టీ గ్లాసులు కడిగే వంతు మగవాళ్ళం తీసుకున్నాం. ఇదేమంత విప్లవం కాదు గాని, అంతకుముందు వచ్చిన ఇద్దరు స్త్రీలూ వంటింటివైపే ఎందుకు నిలబడేవారో అప్పుడు అర్థమైంది.

ఒక చిక్కు మాత్రం నేను ఊహించలేదు. పేరడగలేదన్న మాట నా మనసులో నాటుకుని, కొత్తగా వచ్చిన ప్రతివాణ్ణీ పేరేమిటి, ఏ ఊరు, ఇంటిపేరేమిటి అని ఆప్యాయంగా అడగటం మొదలుపెట్టాను. ఒక యువకుడు ఇంటిపేరు దగ్గర ఆగాడు. తరువాత ఏకాంతంగా చెప్పాడు: "సార్, నేను తెరమీద పనిచేసేది అక్కడ ఎవరూ ఇది అడగరనే." నోట మాట రాలేదు. మన దేశంలో ఇంటిపేరు ఉత్త పేరు కాదు. కులం చెప్పమనటానికి మర్యాదైన దారి. అమ్మాయికి అవమానమైన ముసుగే ఇతనికి రక్ష. ఈ రెండింటినీ ఒకే సూత్రంతో తేల్చటం నాకు చేతకాలేదు. చివరకు, ఏమని పిలవాలో వారినే చెప్పమంటున్నాం. కొందరు అసలు పేరు చెపుతారు, కొందరు వాడుకరి పేరే చెపుతారు. అంతటితో ఊరుకుంటాం. మా పాతవాళ్ళ పరిహాసాలు కూడా ఇలాంటివే. ఎనిమిదిమందికీ తెలిసిన హాస్యానికి తొమ్మిదోవాడు అర్థం కాకుండానే పళ్ళికిలించి కూర్చోవలసివస్తుంది. ఆ నవ్వును ఇప్పుడు గుర్తుపట్టగలుగుతున్నాను. చూసినప్పుడు ఆగి కథ మొదటినుంచీ చెపుతాం.

ఆ అమ్మాయి మళ్ళీ సభకు రాలేదు. పోయిన నెల ఒక రాత్రి నేను దిద్దిన పుస్తకం తెరిచి చూస్తే పన్నెండు పుటలు కొత్తగా ఆకుపచ్చగా వున్నాయి. ఆమె చేసినవే. పదమూడోది పసుపుగానే వుంది. అందులో నేను దిద్దకుండా వదిలేసిన "పరుడు" ఒకడు దొరికాడు. దాన్ని దిద్ది, ఆమోదించకుండా, ఇంకోసారి చూడమని నాకు వదిలిపెట్టింది. ఆమె చర్చాపుటలో పేరుపెట్టి పలకరించి రాశాను: వచ్చే ఆదివారం పదింటికి, ఒంటిగంటన్నరకు మీ ఊరి బస్సు వుంది, కనుక్కున్నాను.

జవాబు ఇంకా రాలేదు. పదమూడో పుట మళ్ళీ మొదటినుంచీ చదువుతున్నాను.