పరిచారిక నియామకం – పుత్రధర్మం

మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడు మిథిలానగరంలో మాంసం విక్రయించి జీవించే గృహస్థు. వేదాధ్యయన సంపన్నుడైన కౌశికుడు ధర్మసూక్ష్మం తెలుసుకొనుటకు ఆయన వద్దకే వెళ్ళవలసి వచ్చింది. ధర్మవ్యాధుడు తన వృద్ధ జననీజనకులను చూపి, వారే తనకు పరమదైవమని, వారికి స్నానం చేయించుట, పాదప్రక్షాళనం, ఆహార సమర్పణం స్వయంగా చేస్తున్నానని చెప్పాడు. ‘స్వయంగా’ అన్న ఆ మాట నేటి గృహస్థు హృదయంలో ముల్లువలె గుచ్చుకొంటుంది.

రాజమహేంద్రవరంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయినికి పక్షవాతం సోకి కుడిభాగం చచ్చుబడింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఏకైక కుమారుడు ఆమెను తన గృహానికి తెచ్చుకొన్నాడు. దంపతులిద్దరూ ఉద్యోగస్థులే. రెండు మాసాలు గడిచేసరికి ఇద్దరి శరీరాలూ డస్సిపోయాయి. ఇంట్లోనే ఉండి చూసుకొనే మనిషిని పెట్టుకొందామన్న ప్రస్తావన వచ్చినప్పుడు ఆ తల్లి, “పరాయి మనిషి చేత నీళ్ళు పోయించుకోవాలా నాయనా?” అని మాత్రమే అడిగింది.

ఈ ప్రశ్నకు వివేచనతోనే సమాధానం లభిస్తుంది. సేవలో శ్రమ, కర్తవ్యం అని రెండు అంశాలున్నాయి. శ్రమను పంచుకోవచ్చు, ధర్మవ్యాధుడు సైతం భార్యాపుత్ర సమేతంగానే ఆ సేవ చేస్తున్నానన్నాడు. కర్తవ్యం మాత్రం అన్యులకు సంక్రమించదు. వృద్ధులైన తల్లిదండ్రుల పోషణను సంతానం బాధ్యతగా 2007 నాటి చట్టం నిర్దేశించింది. కాని చట్టం ధనాన్ని ఇప్పించగలదే కాని, మంచం ప్రక్కన కూర్చోబెట్టలేదు.

ఏజెన్సీ ద్వారా పరిచారిక వచ్చింది. ఆధార్ ప్రతి, పోలీసు విచారణ, జీతం, ఏజెన్సీ కమీషన్ అన్నీ మాట్లాడుకొన్నారు. ఆమె నిద్ర గురించి ఎవరూ మాట్లాడలేదు. మంచం పట్టిన రోగికి పడకపుండ్లు పడకుండా సాధారణంగా 2 గంటలకొకసారి ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పగలంతా శ్రమించిన దేహం రాత్రంతా అలా లేస్తూ ఎన్నాళ్ళు నిలువగలదు? పదవ నాటి ఉదయం ఆమె కన్నులు ఎర్రబడి ఉండుట ముందుగా గమనించింది రోగిణియే. “రాత్రి నువ్వు లేవరా, ఆ పిల్లను పడుకోనీ” అని కుమారునితో అన్నది.

అప్పుడు తెలిసింది, ఆ పరిచారికకూ శ్రీకాకుళం జిల్లాలో ఒక వృద్ధ మాత ఉన్నదని, ఆమె మందులకు ఈ జీతమే ఆధారమని. తన తల్లిని విడిచి వచ్చి పరుల తల్లికి సేవ చేయుట ఆమె పాలిట మాతృసేవయే! అటువంటి జీతాన్ని పది దినాలు ఆలస్యం చేసినవాడు మరొక తల్లి మందులకు అడ్డుపడినవాడు అవుతాడు.

నాటి నుండి రాత్రివేళ తల్లిని ప్రక్కకు తిప్పే పని కుమారుడు స్వీకరించాడు. ఆదివారం పరిచారికకు సెలవు. ఆనాడు అత్తగారికి స్నానం చేయించేది కోడలు. జీతం ప్రతి మాసం 1వ తేదీననే చెల్లుతుంది. ఇంటివారికి వడ్డించిన అన్నమే ఆమెకూ, అదే వేళకు.

సేవకు మనిషిని నియమించుట ధర్మచ్యుతి కాదు. నియమించి, ఇక తనకు పని లేదనుకొనుటయే ధర్మచ్యుతి. ఇంటికి పరిచారిక వచ్చిన నాడు గృహస్థు కర్తవ్యం తగ్గదు. అతడు యోగక్షేమాలు చూడవలసినవారిలో మరొకరు చేరుతారు.