వెనుక వరుస

కర్నూలు నుండి బెంగళూరుకు నికాహ్ నిమిత్తం బయలుదేరాము. మేనల్లుడు కొత్తగా కొన్న వాహనం కియా కారెన్స్. పెద్దలు, పిల్లలు కలిసి ఏడుగురము. సవారీ దుఆ చదివి, మేము ముందు సీటులో కూర్చున్నాము. మేనల్లుని భార్య, ఇద్దరు పిల్లలు మధ్య వరుసలో సర్దుకున్నారు. "పిల్లలు కిటికీ పక్కన ఉండనీ బేటా" అంటూ మా అమ్మగారు మా ఇంటావిడతో కలిసి మూడవ వరుసలోకి వెళ్ళారు. మేము వారించలేదు.

దారి పొడవునా మేనల్లుడు వాహన విశేషాలు వివరిస్తూనే ఉన్నాడు. పొడవు 4,540 మిల్లీమీటర్లు. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2,780. అందువల్లనే మూడు వరుసలకు చోటు దొరికింది. మీట నొక్కితే మధ్య సీటు ముందుకు ఒరిగి, వెనుకకు వెళ్ళే దారి ఏర్పడుతుంది. చల్లగాలి చివరి వరుస వరకూ అందుతుంది. ప్రమాద సమయంలో విచ్చుకునే గాలి సంచులు ఆరు. అయితే ఏడుగురూ కూర్చుంటే సామానుకు మిగిలే చోటు 216 లీటర్లు మాత్రమే. మా పెట్టెలు కొన్ని అమ్మగారి కాళ్ళ వద్దకు చేరాయి.

అనంతపురంలో జుహర్ నమాజుకు ఆగాము. అమ్మగారు వెంటనే దిగలేకపోయారు. మోకాళ్ళు పట్టేశాయి. చివరి వరుసలో నేల కాస్త ఎత్తుగా ఉంటుంది. మోకాళ్ళు పైకి లేస్తాయి. సీటు వెనుక చక్రాలకు దగ్గరగా ఉన్నందున ప్రతి కుదుపూ తెలుస్తుంది. ఇంతదూరం వచ్చినా ఆమె ఒక్క మాట అనలేదు. తల్లిదండ్రుల హక్కుల గురించి ఏళ్ళ తరబడి విద్యార్థులకు పాఠం చెప్పిన మేము, ఒక్కసారైనా వెనుదిరిగి చూడలేదు! ప్రయాణికుల నమాజు రెండు రకాతులు పూర్తిచేసి, సిగ్గుతో అల్లాహ్ ను క్షమాపణ వేడుకున్నాము.

అటుపై అమ్మగారిని ముందు సీటులో కూర్చోబెట్టాము. మరీ వంగనక్కరలేదు, ఎక్కనక్కరలేదు. నడుము ఎత్తులోనే సీటు అమరింది. మేము వెనుక వరుసకు చేరాము. పెట్టెలు మా కాళ్ళ వద్దకు వచ్చాయి.

సుమారు 70 కిలోమీటర్ల తర్వాత పెనుకొండ వచ్చింది. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన కొండకోట అది. ఆ సమీపాన, ఎర్రమంచి వద్ద 44వ జాతీయ రహదారి పక్కనే 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కర్మాగారం ఉంది. "మన బండి పుట్టిల్లు ఇదే నానీ!" అన్నాడు మేనల్లుడు. కరవుసీమగా పేరుబడిన నేలపై వరుసగా నిలిచిన కొత్త వాహనాలను అమ్మగారు ఆసక్తిగా చూశారు. "దీన్ని చేసిన బిడ్డల చేతుల్లో అల్లాహ్ బర్కత్ నింపుగాక" అని దుఆ చేశారు.

ఏడుగురికి చోటు కల్పించడం వాహనం తయారుచేసినవారి పని. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది ఇంటివారి బాధ్యత. వెనుక వరుసలో మా మోకాళ్ళు నొచ్చుతూ ఉంటే, ముందునుండి అమ్మగారు వెనుదిరిగి అడిగారు: "బేటా, అక్కడ ఇబ్బందిగా లేదు కదా?"

మేము అడగవలసిన ప్రశ్న అది.