అసత్యమును పట్టు యంత్రము

ఇంట నొక వస్తువు పోయినప్పుడు పనివారిని వరుసగా నిలిపి, మంత్రించిన బియ్యము నమిలించు వాడుక పూర్వము కలదని మా నాయనమ్మ చెప్పుచుండెడిది. దొంగకు భయముచే నోరెండును గనుక వాని బియ్యము తడియక పొడిగనే యుండునట. విన్నప్పుడెల్ల నాకొక సందేహము కలిగెడిది: దొంగతన మెరుగని పేదరాలికి మాత్రము నలుగురి యెదుట నోరెండదా?

ఆ బియ్యమునకు నేటి రూపము పాలిగ్రాఫు అను యంత్రము. ఱొమ్మునకు గొట్టములు చుట్టి యూపిరిని, చేతికి పట్టీ కట్టి రక్తపుపోటును, వ్రేళ్లకు బిళ్లలు తగిలించి చెమటను అది గుర్తించును. అది కనిపెట్టునది కలవరమును మాత్రమే. ఆ కలవరము కల్లలాడుటచే కలిగినదో, అవమానముచే కలిగినదో యంత్ర మెరుగదు.

1983వ సంవత్సరము మార్చి 11వ తేదీని అమెరికా అధ్యక్షుడు రీగను ఒక యాజ్ఞాపత్రమును వెలువరించెను. రాజ్యరహస్యములు పత్రికలకు పొక్కుచున్నవని ఆయన ప్రభుత్వపు ఫిర్యాదు. అందు రెండు కట్టుబాట్లు ముఖ్యములు. మిక్కిలి గోప్యమైన సమాచారమును చూడ వీలున్న యుద్యోగులు, ఆ విషయములను గూర్చి తాము వ్రాయునది అచ్చునకు పంపక పూర్వమే ప్రభుత్వమునకు చూపుదుమని ఒడంబడిక వ్రాసి యీయవలెను. ఉద్యోగము మానినను, ముసలితనము వచ్చినను ఆ ముడి వీడదు. మఱియు, రహస్యము పొక్కినదని విచారణ జరుగునప్పుడు యంత్రపరీక్షకు ఒప్పుకొననివానిపై చర్య తీసికొనవచ్చును.

కాంగ్రెసు సభ్యులలో పలువు రెదిరించిరి. 1984 ఫిబ్రవరిలో ప్రభుత్వము ఆ రెండు నిబంధనలను నిలిపివేసెను. అయినను వివాదము సమసిపోలేదు. 1985 డిసెంబరులో విదేశాంగమంత్రి షుల్ట్జ్, తన్ను నమ్మరని తెలిసిన నాడే కొలువు విడిచెదనని బాహాటముగా పలికెను. అంత పదవి గలవాడు గనుక ఆ మాట చెల్లినది. నెల జీతముపై పిల్లలను పెంచుకొను గుమాస్తా అట్లనగలడా?

యంత్రము దోషిని పట్టునేమో యనుకొందమన్న, అదియు రూఢి కాదు. అమెరికా గూఢచారి శాఖలో పనిచేయుచు 1985 మొదలు సోవియటువారికి రహస్యము లమ్మిన ఏమ్సు, 1986లోను 1991లోను ఈ పరీక్షలో గట్టెక్కెను. 1994లో గాని వాడు పట్టుబడలేదు. 1988లో అమెరికాలో నొక చట్టము వచ్చి ప్రైవేటు యజమానులు చాలవఱకు ఈ పరీక్ష చేయరాదన్నది. ప్రభుత్వమునకు మాత్ర మా నిషేధము లేదు. మన దేశమున 2010 మే నెలలో సుప్రీంకోర్టు, ఎవరిని గాని వారి యిష్టము లేక ఈ పరీక్షకు గుఱిచేయరాదని తీర్పు చెప్పినది.

మా తండ్రిగారు ప్రభుత్వోద్యోగి. కచ్చేరి సంగతి ఒక్కటియు ఇంట చెప్పెడివారు కారు. మా అమ్మ అడిగెడిది కాదు. ఆ మౌనమునకు కావలి యే యంత్రమును లేదు. తన్ను నమ్మి కాగితము లప్పగించినారన్న యభిమానమే కావలి. అనుమానించి కట్టివేసినచో ఆ యభిమానము మొదట నశించును.

రహస్యము లసలే యుండరాదని నేననను. సైనికుల ప్రాణములు కొన్ని రహస్యములపై నిలిచియుండును. కాని కలమునకు వేసిన సంకెల యంత్రముకంటె కఠినమని నా తలంపు. పరీక్ష కొన్ని గంటలలో ముగియును. అనుమతి యడుగుట జీవితాంతము ముగియదు. 1980లో స్నెప్ అను మాజీ గూఢచారోద్యోగి, వియత్నాము సంగతులు అనుమతి లేక వ్రాసినందులకు, గ్రంథమువలన వచ్చిన సొమ్మెల్ల ప్రభుత్వమునకు చెందవలెనని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అందు రహస్యము వెల్లడియైనదని ప్రభుత్వము వాదింపనే లేదు!

వ్రాతలో ఎవరి తప్పు బయటపడునో, ఆ వ్రాతకు అనుమతి యిచ్చువారును వారే యగుట ఎంతవఱకు న్యాయము? సోదరీమణు లాలోచింతురు గాక.