శాపం ఉన్న కౌంటీలో ఒక ఆదివారం

శనివారం రాత్రి మెయిల్ వచ్చింది. 'అన్‌ఫార్చునేట్లీ' అనే మాట కనిపించగానే మిగతాది చదవలేదు. ఐర్లండ్‌లో మాస్టర్స్ చేసి ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి ఆ మాట కంఠతా వచ్చు. చదువయ్యాక ఇచ్చే స్టాంప్ 1జీ గడువులో నాకు మిగిలింది ఏడు నెలలు. అమ్మకి ఫోన్ చేస్తే, "ఏలినాటి శని నాన్నా, ఇంకో ఏడాదిన్నర ఓపిక పట్టు" అంది. వీసా చూస్తే ఏడు నెలలు. ఆ సంగతి శనికి ఎవరు చెప్తారు?

నా రూమ్మేట్‌ది కరీంనగర్. పొద్దున్నే దుప్పటి లాగేసి, "లే అన్నా, ఈడ్నే పండుకుంటే ఏమైతది? నీకంటే పెద్ద శని పట్టిన ఊరు చూపిస్త, పా" అన్నాడు. అలా లిమరిక్ నుంచి పక్కనే ఉన్న కౌంటీ క్లేర్‌కి బయల్దేరాం. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి.

ఎటు చూసినా పచ్చని మైదానాలు, రాతి గోడలు, ఆవులు. ఇళ్ల ముందు పసుపు, నీలం జెండాలు. ఏ పార్టీవో అనుకునేరు. అవి క్లేర్ హర్లింగ్ టీం రంగులు.

హర్లింగ్ చూడనివాళ్లకి టూకీగా చెప్తా. అటు 15 మంది, ఇటు 15 మంది. చేతిలో యాష్ చెట్టు చెక్కతో చేసిన కర్ర, చివర్లో గరిటెలా వెడల్పు. బంతి చిన్నది, గట్టిది. దాని పేరు స్లిటర్. గోల్ పోస్టు ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటుంది. అడ్డకర్ర పైనుంచి కొడితే 1 పాయింట్, కిందనుంచి నెట్‌లోకి కొడితే గోల్, అంటే 3 పాయింట్లు. "మన బిళ్ళంగోడుకి పెద్దన్నయ్య" అన్నాను. "చిర్రగోనె అను" అన్నాడు వాడు. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.

ఐపీఎల్‌కి అలవాటుపడ్డ మనకి నమ్మబుద్ధి కాని విషయం ఇంకోటుంది. ఎంత పెద్ద ఆటగాడికైనా జీతం లేదు, వేలంపాట లేదు. మామూలుగా పుట్టి పెరిగిన కౌంటీకే ఆడతారు. ఆదివారం డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో 80 వేల మంది ముందు ఆడినవాడు సోమవారం ఆఫీసుకో, పొలానికో పోవాల్సిందే.

లేదా బడికి. మా మొదటి మజిలీ షానన్‌లో అలాంటి ఒక టీచర్ ఉండేవాడు. పేరు జెర్ లాక్‌నన్.

షానన్ అనగానే విమానాశ్రయం గుర్తొస్తుంది. మేం మాత్రం అక్కడి గుట్ట చూడ్డానికి వెళ్లాం. గుట్ట కూడా కాదు, మన ఊళ్లలో అయితే దిబ్బ అంటాం. కానీ దాని మీద చలికాలం చీకట్లో, బురదలో పైకీ కిందకీ పరుగెత్తాలంటే? 1990లలో క్లేర్ ఆటగాళ్లని ఇక్కడ అలాగే పరుగెత్తించారు. వాళ్లందరూ పగలంతా ఎవరి పని వాళ్లు చేసుకుని వచ్చినవాళ్లే. నేను సరదాగా రెండుసార్లు ఎక్కి దిగాను. మూడోసారికి ఊపిరి అందలేదు.

అంత కసి ఎందుకో తెలియాలంటే ఆయన సొంతూరు వెళ్లాలి. ఎన్నిస్ పట్టణం మీదుగా తూర్పుకి తిరిగితే ఫీకల్ వస్తుంది. చర్చి, పబ్బులు, ఒక ఆటస్థలం, చుట్టూ కొండలు. ఆగస్టులో ఇక్కడ జరిగే సంప్రదాయ సంగీతోత్సవానికి జనం బాగా వస్తారు. మిగతా రోజుల్లో ఊరు నిశ్శబ్దంగానే ఉంటుంది.

శాపం కథ పుట్టింది కూడా ఈ చుట్టుపక్కలే. 19వ శతాబ్దంలో ఇక్కడ బిడ్డీ ఎర్లీ అనే ఆమె ఉండేది. మూలికలతో వైద్యం చేసేది. ఆమె దగ్గరున్న ఒక నీలం సీసాలో చూసి జరగబోయేది చెప్పేదని జనం నమ్మకం. ఆవిడే క్లేర్ టీంని శపించిందని, అందుకే గెలవట్లేదని తరాల తరబడి చెప్పుకున్నారు.

చెప్పుకోక ఏం చేస్తారు? క్లేర్ 1914లో ఆల్ ఐర్లండ్ కప్పు గెలిచింది. తర్వాత 81 ఏళ్లు మళ్లీ లేదు. దక్షిణ ప్రాంతపు మన్‌స్టర్ టైటిల్ కూడా 1932 తర్వాత దక్కలేదు. లాక్‌నన్ ఆడిన రోజుల్లో టీం బలమైనదే. 1977, 1978లో వరసగా నేషనల్ లీగ్ గెలిచింది. కానీ ఆ రెండేళ్లూ మన్‌స్టర్ ఫైనల్లో కార్క్ చేతిలో ఓడిపోయింది. 1978లో తేడా రెండే పాయింట్లు. ఆయనకి రెండుసార్లు ఆల్ స్టార్ అవార్డు వచ్చింది. మన్‌స్టర్ మెడల్ మాత్రం రాలేదు. ఆటగాడిగా ఆయన కథ అక్కడే ముగిసింది.

ఆటస్థలం గట్టు మీద కూర్చుని ఫోన్లో బిడ్డీ ఎర్లీ గురించి వెతికాను. చనిపోయింది 1874లో. హర్లింగ్ పోటీలు నడిపే సంస్థ జీఏఏ పుట్టింది 1884లో. అంటే టీం పుట్టకముందే టీంని శపించిందన్నమాట! పైగా ఆమె పోయిన 40 ఏళ్లకి క్లేర్ కప్పు గెలిచింది కూడా. రూమ్మేట్‌కి చూపిస్తే పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత అమ్మ చెప్పిన ఏడాదిన్నర గుర్తొచ్చి కాసేపు మాట్లాడలేదు.

1993, 1994లో కూడా క్లేర్ మన్‌స్టర్ ఫైనల్స్ ఓడింది. ఆ తర్వాత లాక్‌నన్ మేనేజర్ అయ్యాడు. 1995 వేసవి మొదట్లో లీగ్ ఫైనల్లో కిల్‌కెన్నీ చేతిలో మళ్లీ ఓటమి. ఆ రోజే ఆయన, ఈసారి మన్‌స్టర్ మాదే అని బాహాటంగా చెప్పేశాడు. విన్నవాళ్లు ఏమనుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. జులైలో లిమరిక్ మీద 1-17, 0-11 తేడాతో గెలిచారు. అంటే 20కి 11. అందులో ఆ ఒక్క గోల్ కొట్టింది ఎవరో తెలుసా? గోల్‌కీపర్ డేవీ ఫిట్జెరాల్డ్! పెనాల్టీ కొట్టడానికి మైదానం ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తుకొచ్చి, కొట్టి, మళ్లీ వెనక్కి పరుగెత్తాడు.

సెప్టెంబర్ 3, క్రోక్ పార్క్‌లో ఆఫలీతో ఫైనల్. హాఫ్ టైంకి క్లేర్ వెనకబడి ఉంది. టీవీ వాళ్లు మైక్ పెడితే, గెలుస్తున్నాం అన్నాడు లాక్‌నన్. ఆట ఇంకొన్ని నిమిషాల్లో అయిపోతుందనగా సబ్‌స్టిట్యూట్‌గా దిగిన ఎమన్ టాఫ్ గోల్ కొట్టాడు. స్కోరు 1-13, 2-8. రెండు పాయింట్ల తేడాతో కప్పు క్లేర్‌ది. 1997లో టిప్పరరీని ఒక్క పాయింట్‌తో ఓడించి మళ్లీ గెలిచారు.

ఇక్కడితో ఆపేస్తే సినిమాలా ఉంటుంది. కానీ 1998లో ఆఫలీతో సెమీఫైనల్ రీప్లే జరుగుతోంది. క్లేర్ మూడు పాయింట్లు ముందుంది. రిఫరీ పొరపాటున రెండు నిమిషాల ముందే విజిల్ ఊదేశాడు. ఆఫలీ అభిమానులు మైదానంలోనే బైఠాయించారు. మ్యాచ్ మళ్లీ పెడితే క్లేర్ ఓడింది. ఆ తర్వాత గాల్వే టీంకి మేనేజర్‌గా వెళ్తే రెండేళ్లలో కప్పు రాలేదు. 2008లో అక్కడి క్లబ్బులు ఓటేసి ఆయన్ని పంపేశాయి. అదే మనిషి, అదే పట్టుదల. నాకేమనిపించిందంటే, క్లేర్ ఓటమి ఆయన సొంతది. ఆ మంట పక్క కౌంటీకి మోసుకెళ్లడం కుదరదేమో.

కానీ క్లేర్‌లో ఆయన వదిలి వెళ్లింది రెండు కప్పులేనా? 2013లో క్లేర్ మళ్లీ గెలిచింది. మేనేజర్ ఎవరు? ఆ గోల్‌కీపర్ డేవీ ఫిట్జెరాల్డ్. 2024లో కార్క్‌ని ఎక్స్‌ట్రా టైంలో ఒక్క పాయింట్‌తో ఓడించి ఇంకోసారి గెలిచింది. అప్పటి మేనేజర్ బ్రయన్ లోహన్. 1995 టీంలో ఫుల్‌బ్యాక్. ఇద్దరూ లాక్‌నన్ చేతికింద ఆడినవాళ్లే.

సాయంత్రం అవుతుంటే పదేళ్ల పిల్లాడొకడు ఒంటరిగా గోడకి బంతి కొడుతూ కనిపించాడు. మేం చూస్తున్నామని గమనించి, కర్ర నా చేతికిచ్చి ఎలా పట్టుకోవాలో చూపించాడు. నాలుగుసార్లు గాలినే కొట్టాను. వాడు నవ్వలేదు. బంతి ఏరుకొచ్చి మళ్లీ నా చేతిలో పెట్టాడు. అయిదోసారి తగిలింది, వంకరగానే అనుకోండి.

తిరుగు ప్రయాణంలో అమ్మ ఫోన్. "ఎక్కడున్నావ్ రా?" అంది. "శాపం ఉన్న ఊరొచ్చానమ్మా. లెక్క చూస్తే తేదీలు కుదర్లేదు" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. "తిన్నావా?" అని అడిగింది.

రూముకొచ్చి మెయిల్ మొత్తం చదివాను. ఎక్కడ తగ్గానో కింద రెండు లైన్లలో రాసే ఉంది. అది సరిచేసుకోవడానికి ఏడు నెలలు తక్కువేం కాదు.