ఎడారికి నీళ్లొచ్చాయి, మా ఊరికి?

అమెరికాలో నేనుండే ఫీనిక్స్ ఎడారిలో లేచిన నగరం. ఏడాదంతా కలిపినా ఇక్కడ కురిసేది సగటున 20 సెంటీమీటర్ల లోపే. ఆంధ్రలో మా ఊరు కొమరోలు వైపు కరువు ప్రాంతమైనా అంతకంటే చాలా ఎక్కువే కురుస్తుంది. అయినా ఇక్కడ ఏ వేళ కొళాయి తిప్పినా నీళ్లొస్తాయి. అక్కడ ఎండాకాలం వస్తే ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టి కూర్చోవాలి.

ఇది దేవుడు పెట్టిన తేడా కాదు. కొలరాడో నది నీళ్లను హవాసు సరస్సు నుంచి ఎత్తిపోసి, 540 కిలోమీటర్ల కాలువలో ఫీనిక్స్ మీదుగా టూసాన్ దాకా తెచ్చారు. 1973లో మొదలైన పని 1993కి పూర్తయింది. మరో మూడేళ్లకు, 1996లో, మా వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. నల్లమలకు అవతల శ్రీశైలం దగ్గర కృష్ణమ్మ, ఇవతల మేము. కొండ కింద తవ్వాల్సింది 18.8 కిలోమీటర్ల జంట సొరంగాలు. వాటిని ప్రారంభించేసరికి 2024 మార్చి వచ్చింది. అప్పటికీ ముంపు గ్రామాల వాళ్ల పునరావాసం తేలలేదు.

ఈలోగా ఒక తరం ఊరు విడిచింది. బేల్దారి పనికి బెంగళూరు, హైదరాబాదు. మిరపకోతలకు గుంటూరు వైపు. చదువుకున్న మాబోటివాళ్లం ఇంకా దూరం. నగరం మీద మోజుతో పోయినవాళ్లు మా దిక్కున తక్కువ, బోర్లు ఎండిపోతే పోయారు. 1970 దాకా మాది కర్నూలు జిల్లా. తర్వాత ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలో కలిపారు. అంత దూరానున్న కలెక్టరాఫీసుకు మన గోడు ఎట్లా వినపడుతుందని నాయన చివరిదాకా బాధపడ్డాడు.

అమ్మ బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలో పోసేది. అంట్లు తోమిన నీళ్లు మునగచెట్టుకు పోయేవి. మేము కాళ్లు కడుక్కున్నా కనకాంబరాల పాదులో నిలబడే కడుక్కోవాలి. ఇక్కడ షవర్లో వేడినీళ్లు వచ్చేలోపు పడే చన్నీళ్లను బకెట్లో పట్టి కరివేపాకు కుండీకి పోస్తాను. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి కూడా, ఎవరూ చెప్పకుండానే, అట్లాగే చేస్తుంది. తను కొమరోలును చూసింది తక్కువ. ఆ ఊరి అలవాటు మాత్రం తన చేతికి వచ్చేసింది. అది నాకు గర్వంగానూ ఉంటుంది, ఇంత కష్టంలోంచి వచ్చిన అలవాటు కదా అని దిగులుగానూ ఉంటుంది.

మా ప్రాంతం నుంచి వచ్చిన ప్రవాసులకు ఒక మనవి. గుడికి, ఊరి ఆర్చీకి చందాలిస్తున్నాం, సంతోషం. ఈసారి పండక్కి వెళ్లినప్పుడు ఒక పూట కేటాయించి ఎమ్మెల్యేనో ప్రాజెక్టు ఇంజనీరునో కలవండి. మన మండలానికి కాలువ నీళ్లు ఏ ఏడు వస్తాయో అడిగి, ఆ మాట కాగితం మీద రాయించుకుని రండి.