రెండుసార్లు రాసిన లెక్క

మొన్న సంక్రాంతికి మా వాడు హైదరాబాద్ నుంచి బందరు వచ్చాడన్న మాటే గానీ, మూడు రోజులూ లాప్‌టాప్ ముందే. పక్కన అరిసెలు పెడితే చూడకుండానే చెయ్యి పెట్టి తీసుకున్నాడు. భోగి ముందు రాత్రి రెండింటికి లేచి చూద్దును కదా, హాల్లో ఇంకా లైటు వెలుగుతోంది. ఏంట్రా అంటే, "ఒక ఫైలు రెండుసార్లు లోడైందమ్మా. కొంతమందికి డబుల్ పడింది. బిల్లులు వెళ్ళేలోపు తీసేయాలి" అన్నాడు.

వాడిది ఫోన్ల బిల్లింగ్ పని. ఇన్నేళ్ళూ నాకు అంతవరకే తెలుసు. ఆ రాత్రి టీ పెట్టిచ్చి ఎదురుగా కూర్చుంటే విడమర్చి చెప్పాడు. మనం ఫోన్ చేసినప్పుడల్లా ఎక్స్ఛేంజీలో ఒక చీటీ లాంటిది పుడుతుందట. ఏ నంబరు నుంచి, ఏ నంబరుకి, ఎన్నింటికి, ఎన్ని సెకన్లు. అలాంటివి వేలకొద్దీ ఒక ఫైల్లో చేరతాయి. ఫైళ్ళకి వరస నంబర్లుంటాయి, మధ్యలో ఒకటి లేదంటే ఆ ఫైలు రాలేదని అర్థం. ఫైలు చివర మొత్తం చీటీలెన్నో రాసుంటుంది, అది కుదరకపోతే దారిలో ఏదో తెగిందని. అర్థంకాని చీటీల్ని పారెయ్యరు, పక్కన పెట్టి, మనిషి చూసి సరిచేశాకే బిల్లుకి ఎక్కిస్తారు. గంటల తరబడి మాట్లాడితే ఆ కాల్ ముక్కలుగా వస్తుంది, వాటిని అతకాలి.

"అసలైంది ఇంకోటుంది. ఈ చీటీ ఇంతకుముందే వచ్చిందా అని చూడటం. అదే నంబరు, అదే టైము, అన్ని సెకన్లే ఉంటే రెండోది తీసేస్తాం. ఈసారి ఆ చెకింగు జరగలేదు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఇది నేను చేసిన పనే కదా!

మాది గుడివాడ. పెళ్ళయి అవనిగడ్డ వచ్చాక మా ఆయన బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ పెట్టారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, పసుప్పచ్చ బోర్డు, అద్దాల గది, ఎర్రంకెల మిషను. ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే పల్సుల్ని లెక్కపెట్టి ఆ మిషను డబ్బు చూపించేది. ఊళ్ళో కాల్‌కి అంకె నిదానంగా కదిలేది. గల్ఫ్ కాల్ అయితే పరిగెత్తేది, దాంతోపాటే లోపలున్న వాళ్ళ మాటలూ పరిగెత్తేవి. రాత్రి పదకొండు దాటితే ఎస్టీడీ పావు రేటని జనం చలిలో కూడా అరుగు మీద కాచుకునేవాళ్ళు. మధ్యాహ్నాలు ఆయన భోజనానికెళితే నేను కూర్చునేదాన్ని.

డబ్బిచ్చేవాళ్ళకి చీటీ చేతికిచ్చేవాళ్ళం. అప్పు ఖాతా అయితే చీటీని ఊచకి గుచ్చి, రాత్రి పూట నోటుపుస్తకంలో ఎక్కించేవాళ్ళం. ఎక్కించాక ఊచ మీంచి తీసెయ్యాలి. అదే నియమం. మా అత్తగారు వంటింటి గోడ మీద బొగ్గుతో పాల లెక్క గీసేవారు, పాలావిడ తన ఇంట్లో ఇంకోటి గీసుకునేది. నెలాఖరుకి రెండూ కలిస్తేనే డబ్బు. మా బూత్‌లో మాత్రం లెక్క మా వైపే ఉండేది.

వాడు మళ్ళీ పనిలో పడ్డాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. పొద్దున్నే భోగిమంట పనిలో ఉండగానే అటక మీద ట్రంకుపెట్టె దింపించాను. ఎందుకో తెలుసా? ఆ రెండోది తీసేస్తాం అన్న మాట దగ్గర నాకొక ముఖం గుర్తొచ్చింది.

కోడూరు వైపు నుంచి ఎండుచేపల గంప తెచ్చేదొకావిడ. కొడుకు కువైట్‌లో ఉండేవాడు. మా దగ్గర ఖాతా. 1998లో ఒక నెల బాకీ చెబితే, "అంతయిందా అమ్మా?" అంది. మిషను చూపించిందే కదా అన్నాను. ఇంకో మాట అనలేదు. నాలుగైదు వారాల్లో కొంచెం కొంచెం తీర్చేసింది. తర్వాత మా బూత్‌కి రాలేదు.

పుస్తకం చెదలు తిన్నా ఆ పేజీ దొరికింది. మూడు కాల్స్, 412 రూపాయలు, మా ఆయన దస్తూరీ. రెండు పేజీల తర్వాత అవే మూడు, అవే తారీకులు, అవే నిమిషాలు, నా దస్తూరీ. ఆయన రాసి చీటీలు తియ్యడం మర్చిపోయారు, నేను మళ్ళీ ఎక్కించాను. మొత్తం 824.

నెల లెక్క తక్కువొస్తే దీపం పెట్టుకుని వెతికేవాళ్ళం. ఎక్కువొచ్చినప్పుడు ఒక్కసారైనా వెతికిన గుర్తు లేదు. ప్రెషర్ కుక్కర్ కొన్న నెల అదేనేమో, కాదేమో.

మా ఆయనకి చూపిస్తే, "ఇప్పుడు తవ్వి ఏం చేస్తావు, పాతికేళ్ళు దాటింది" అన్నారు. కనుమ వెళ్ళాక నేనే బస్సెక్కాను. అవనిగడ్డలో దిగి, కోడూరు ఆటో. చేపల గంప, కువైట్ కొడుకు అని అడుగుతూ పోతే మూడో వీధిలో ఇల్లు చూపించారు. చూపు తగ్గింది గానీ మనిషి గట్టిగానే ఉంది. నా గొంతు విని, "బూత్ అమ్మగారా" అంది.

చెప్పాను. ఎంత మెత్తగా చెబుదామనుకున్నా మాట తడబడింది.

"తెలుసమ్మా. మూడుసార్లే చేశాను. ఒకసారి ఆడికి జొరం. ఒకసారి సేఠు జీతం ఇవ్వలేదని ఏడ్చాడు. మూడోసారి మా ఆడపిల్లకి సంబంధం కుదిరిందని చెప్పాను. మూడే."

"మరి అప్పుడే అడగొచ్చుగా పెద్దమ్మా?"

"మీ కాడ కాయితం ఉంది. నా కాడ ఏముంది?"

కవర్లో రెండు వేలు పెట్టి తీసుకెళ్ళాను. వద్దంటుందేమో, ఎలా బతిమాలాలా అని దారంతా అనుకున్నాను. ఆవిడ కవరు విప్పి, నోట్లు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "వడ్డీ కలిపావా?" అంది. కలిపానన్నాను. బొడ్లో దోపుకుంది.

లేస్తుంటే మనవరాలిచేత ఎండురొయ్యల పొట్లం తెప్పించింది. బందరులో ఇంత మంచివి దొరకవు, మాకు వంకాయలో వేసుకుంటే ప్రాణం. ఎంత పెద్దమ్మా అన్నాను.

"నూట యాభై" అంది. ఇచ్చాను. అదీ లెక్కపెట్టుకుంది.